పాట గుర్తుంది, మాటే గుర్తులేదు: టీవీ, ఫ్రిజ్ ప్రకటనల్లో మన తెలుగు ఎందుకు నిలబడటం లేదు?

మొన్న ఏప్రిల్లో మిక్సీ జారు కోసం నెల్లూరు ట్రంకు రోడ్డులో ఒక ఎలక్ట్రానిక్స్ షోరూముకు వెళ్లాను. మధ్యాహ్నం రెండు గంటలు, బయట నిప్పులు చెరుగుతోంది. ఫ్రిజ్‌ల వరస దగ్గర డెబ్బై దాటిన ఒక పెద్దావిడ, పక్కన కొడుకు. సేల్స్ కుర్రాణ్ని అడుగుతోంది.

"అబ్బయా, పిల్లకాయలు ఎగరతా పాడతారే, ఆ ఫ్రిజ్జి ఏదయ్యా?"

"ఏ కంపెనీది అవ్వా?"

"కంపెనీ నాకేం తెలుసు? టీవీలో పాటొస్తాదే."

"ఒక్క ముక్క పాడు అవ్వా, కనుక్కుంటా."

ఆమె పాడింది. మాటల్లేవు. "నాన నన్నా నాన నా" అని మొదటినుంచీ చివరిదాకా ట్యూన్ తప్పకుండా కూనిరాగం తీసింది. కుర్రాడు ఫోన్‌లో మూడు ప్రకటనలు పెట్టి వినిపించాడు. మూడూ కావంది. కొడుకు మొహమాటపడి "పోదాం పదమ్మా" అన్నాడు. "మనవడు సెలవులకొస్తే వాడు చెప్తాడులే" అని వెళ్లిపోయారు.

నేను జారు కొనుక్కుని ఇంటికొచ్చానేగానీ ఆ కూనిరాగం నన్ను వదల్లేదు. ఆ కంపెనీ ఎవరో గానీ పాటను ఆమె చెవిదాకా చేర్చింది, కొనాలన్న కోరికా పుట్టించింది. తీరా దుకాణంలో నిలబడితే ఒక్క మాట కూడా ఆమె నోటికి రాలేదు. తప్పు ఆమె జ్ఞాపకశక్తిది కాదు. అంత రాగం గుర్తున్న మనిషికి నాలుగు మాటలు గుర్తుండవా? ఆ పాటలో పట్టుకోదగ్గ తెలుగు మాట లేదు. ఇంటి సామాన్ల టీవీ ప్రకటనల్లో ఏళ్ల తరబడి జరుగుతున్నది ఇదే.

వస్తువు ఇంటికి రావడానికి చాలాముందే దాని పాట వస్తుంది. ఇది రేడియో నాటి నుంచీ ఉన్న సంగతి. వివిధభారతిలో వాణిజ్య ప్రకటనలు 1967లో మొదలయ్యాయి. దూరదర్శన్‌లో 1976 జనవరి 1న. 1982లో ఏషియాడ్ (ఢిల్లీ ఆసియా క్రీడలు) ఏడాది కలర్ ప్రసారాలు వచ్చాక టీవీ అనేది పెట్టెలో బొమ్మ స్థాయి దాటి ఇంటి హోదా అయింది. నెల్లూరు జిల్లాకు ఇందులో ఒక ప్రత్యేకత ఉంది. హైదరాబాద్ దూరదర్శన్ 1977 అక్టోబరులో మొదలైతే, మద్రాసు కేంద్రం అంతకు రెండేళ్ల ముందే, 1975 ఆగస్టు 15న మొదలైంది. దూరం చూసినా మనకు మద్రాసే దగ్గర. సూళ్లూరుపేటలో (అప్పట్లో నెల్లూరు జిల్లానే) మా మేనత్త వాళ్ల మిద్దె మీద యాంటెన్నా దక్షిణానికి తిరిగి ఉండేది. గాలికి పక్కకు తిరిగితే మామ పైకెక్కి గొట్టం పట్టుకుని "వచ్చిందా?" అని అరిచేవాడు. కింద మేం పిల్లకాయలం "ఇంకొంచెం, ఇంకొంచెం" అని జవాబిచ్చేవాళ్లం. టీవీ మద్రాసు కంపెనీలదే, డయనోరానో సాలిడేరో. ప్రకటనలు తమిళంలో. అర్థం తెలియకుండానే వాటి పాటలు మాకు నోటికొచ్చేవి. అప్పుడు అది వింతగా అనిపించలేదు. ఇప్పుడు తలుచుకుంటే నెల్లూరు పిల్లల చెవిలో పడ్డ మొదటి ప్రకటన పాటలు పొరుగు భాషవి, ఆ తర్వాతవి హిందీవి. మన భాషలో పుట్టిన పాట మా వంతుకు వచ్చింది చాలా తక్కువ.

హిందీ పాటల్ని మాత్రం తప్పుపట్టలేను. బాగా కట్టారు వాటిని. బజాజ్ బల్బుల ప్రకటన గుర్తున్నవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. ఒక మనిషి తన చిన్నప్పటి అల్లరి దగ్గర మొదలుపెట్టి ముసలితనం దాకా బతుకంతా పాడతాడు, ఆ బతుకంతా ఒకే వెలుగు తోడుంటుంది. వీడియోకాన్ వాషింగ్ మెషీన్ ఇంగ్లిషు పాట అయితే మరీ సూటి. ఉతుకుతుంది, జాడిస్తుంది, ఆరబెడుతుంది, కాసేపట్లో మీరు తయారు, అంతే పాట. ఇందులో కవిత్వం లేకపోవచ్చు. కానీ బావి గట్టు మీద బండకేసి గుడ్డలు ఉతికే ఊళ్లో ఆ యంత్రం అసలేం చేస్తుందో చెప్పాల్సిన అవసరం ఉంది, పాట ఆ పని చేసింది. ఆ రోజుల్లో ప్రకటన పాట అంటే సగం వినోదం, సగం వాడకం పుస్తకం. వస్తువు పేరు, చేసే పని, వచ్చే సుఖం, మూడూ పల్లవిలోనే ఉండేవి. అందుకే భాష రానివాళ్లకు కూడా అర్థమయ్యేది.

తర్వాత దేశం మారింది. 1995 చివర్లో శామ్‌సంగ్, 1997లో ఎల్‌జీ వచ్చాయి. పదేళ్లు తిరిగేసరికి ఫ్రిజ్ ఏం చేస్తుందో, వాషింగ్ మెషీన్ ఏం చేస్తుందో ఎవరికీ చెప్పక్కర్లేకుండా పోయింది. అన్ని కంపెనీల పెట్టెలూ దాదాపు ఒకే పని చేస్తున్నప్పుడు పాట పనిని వదిలేసి భావాన్ని పట్టుకుంది. ఇది ప్రపంచమంతా జరిగిందే. సోనీ 2005లో తన బ్రావియా టీవీ కోసం శాన్‌ఫ్రాన్సిస్కో ఏటవాలు వీధుల్లో రెండున్నర లక్షల రంగురంగుల బంతులు దొర్లించింది. వెనక హోసే గొంజాలెజ్ గిటారు మీద మెల్లగా పాడిన పాట. ఆ పాటలో టీవీ ప్రస్తావనే లేదు. అది వేరే బృందం పాట, ఈయన మళ్లీ పాడినది. అయినా ఆ ప్రకటన నిలిచిపోయింది, ఎందుకంటే అక్కడ చెప్పాల్సిన ఒక్క సంగతీ, రంగు, కళ్ల ముందు దొర్లుతోంది. మాటకు పని లేదు.

మన దగ్గరికి వచ్చేసరికి ఈ పద్ధతి రెండు రకాలుగా దెబ్బతింది. భావం మీద నడిచే పాటలో భాషే ప్రాణం. వస్తువు పని చెప్పే పాటకైతే నాలుగు మొరటు మాటలైనా చాలు, అమ్మ ప్రేమో అత్తాకోడళ్ల సఖ్యతో చెప్పే పాటకు చాలవు. సరిగ్గా ఆ ప్రాణం అవసరమైన కాలంలోనే మనకు డబ్బింగ్ పాట వచ్చింది. ముంబైలో హిందీ పాట రాస్తారు, ట్యూన్ కడతారు, షూటింగ్ అయిపోతుంది, ముప్ఫై సెకన్లకు ఎడిటింగ్ కూడా అయిపోతుంది. అంతా అయ్యాక తెలుగు, తమిళం, కన్నడం, మలయాళం కోసం స్టూడియోకు పంపుతారు. తెలుగు రాసేవాడి చేతికి వచ్చేసరికి పెదాల కదలిక ఖాయం, తాళం ఖాయం, భావం ఖాయం. ఆయనకు మిగిలేది ఖాళీలు పూరించడమే.

ఇక్కడ ఒక మాట తరచూ వినిపిస్తుంది. తెలుగు మాటలు పొడవు, హిందీ ట్యూన్‌లో ఇమడవు, అందుకే కృతకంగా ఉంటుంది అని. నేనూ కొంతకాలం అదే నిజమనుకున్నాను. ఒకరోజు కాగితం మీద మాత్రలు (పలకడానికి పట్టే కాలం, పొట్టి అక్షరానికి ఒకటి, పొడుగు అక్షరానికి రెండు) లెక్కేసి చూశాను. హిందీ ప్రకటనల చివర ఎప్పుడూ వినిపించే పిలుపు తీసుకోండి: "ఆజ్ హీ లాయే". తొమ్మిది మాత్రలు. దీన్ని మనవాళ్లు "ఈరోజే తెచ్చుకోండి" అంటారు. పన్నెండు. తొమ్మిదిలో పన్నెండు కుక్కితే గాయని పరుగెత్తక తప్పదు, "చ్చుకోం" ముద్దయిపోతుంది. కానీ అదే మాట మన ఇంట్లో ఎలా అంటాం? "ఇవాళే తెండి." ఎనిమిది మాత్రలే. హిందీ కంటే ఒకటి తక్కువ. మిగిలిన ఆ ఒక్క మాత్రను చివరి అచ్చు మీద సాగదీసుకోవచ్చు. మన మాట అచ్చుతో ముగుస్తుంది కాబట్టి సాగినా బాగుంటుంది. త్యాగయ్య తంజావూరు సీమలో ఉండి తెలుగులో పాడుకున్న కీర్తనలు దక్షిణాది అంతా పాడుకోవడానికి ఈ అచ్చుల గుణం కూడా ఒక కారణం. పొడవు మన భాషలో లేదు. అనువాదకుడు ఎంచుకున్న పుస్తకాల తెలుగులో ఉంది. "అనుభూతిని ఆస్వాదించండి", "సరికొత్త జీవనశైలి", "మీ కుటుంబం యొక్క ఆనందం". నెల్లూరులో ఏ ఇల్లాలు ఫ్రిజ్ తలుపు తీస్తూ ఇలా అనుకుంటుంది?

అనువాదం అంటేనే ఇలా ఉంటుందని సర్దుకోవడానికి నెల్లూరువాడిగా నాకు మనసొప్పదు. పదమూడో శతాబ్దంలో నెల్లూరును ఏలిన మనుమసిద్ధి దగ్గర ఉన్న తిక్కన ఈ ఊళ్లోనే భారతంలో పదిహేను పర్వాలు తెలుగు చేశాడు. సంస్కృతంలో ఉన్న మాటకు తెలుగు మాట పెట్టుకుంటూ పోలేదు. ఆ మనుషులు తెలుగువాళ్లయితే కోపమొచ్చినప్పుడు ఎలా మాట్లాడతారో, ఏడిస్తే ఎలా ఏడుస్తారో అలా రాశాడు. తిక్కన సోమయాజి భారతాన్ని ఫ్రిజ్ ప్రకటన పక్కన పెట్టడం పెద్దమాటే కావచ్చు. కానీ సూత్రం మాత్రం ఒకటే. పరాయి భాషలోని కథ మన నేలమీద నిలబడాలంటే మొదట మన మనిషి నోట్లో పలకాలి.

అంత వెనక్కి వెళ్లకపోయినా సరే. నెల్లూరులో హరికథలు చెప్పిన సాంబమూర్తి గారి అబ్బాయి ఎస్పీ బాలసుబ్రహ్మణ్యం పాటలతో పాటు డబ్బింగ్ కూడా చెప్పాడు. కమల్‌హాసన్ తెలుగులో మాట్లాడితే ఇంకెవరి గొంతూ ఊహించుకోలేనంతగా చెప్పాడు. అందుకే డబ్బింగ్‌ను నేను తిట్టడం లేదు. శ్రద్ధగా చేస్తే అదీ కళే. 1992లో వచ్చిన రోజా తమిళ సినిమా. దాని పాటలకు తెలుగు మాటలు రాజశ్రీ రాశారు. ముప్ఫై ఏళ్లు దాటినా అవి డబ్బింగ్ పాటలన్న సంగతే గుర్తుకు రాదు మనకు. అక్కడా ట్యూన్ ముందే ఖాయం, పెదాలూ ముందే ఖాయం. తేడా ఒక్కటే, ఆ పని ఒక కవి చేతికి ఇచ్చారు, చేయడానికి టైమ్ ఇచ్చారు, తెర మీద పేరు వేశారు.

ఆ సినిమాకు సంగీతం ఇచ్చిన ఏఆర్ రెహమాన్ అంతకుముందు ప్రకటనల ట్యూన్లు కట్టినవాడే. ఆయనకు ఆ రంగంలో మొదటి పేరు తెచ్చింది 1987లో ఆల్విన్ వాచీల ప్రకటన. ఆల్విన్ మన హైదరాబాద్ కంపెనీ. వాచీలే కాదు, ఫ్రిజ్‌లూ చేసేది. ఆ పాత ఆల్విన్ ఫ్రిజ్‌లు నెల్లూరులో కొన్ని ఇళ్లలో ఈ మధ్యదాకా నడిచాయి. టీవీలకు ఈసీఐఎల్ వాళ్ల ఈసీ టీవీ ఉండేది, అదీ హైదరాబాదే. ఆల్విన్ ఫ్రిజ్‌ల విభాగం 1990ల్లో వోల్టాస్‌కు వెళ్లింది, ఈసీ టీవీ ఇళ్లలోంచి మాయమైంది. వస్తువు తయారయ్యే చోటు మనకు దూరమయ్యాక ప్రకటన గురించి నిర్ణయాలు జరిగే గదిలో తెలుగు తెలిసిన మనిషి ఉండటం కూడా తగ్గిపోయింది. తమిళానికి ఈ ఇబ్బంది మనంత లేకపోవడానికి కారణం చెన్నైలోనే రాసేవాళ్లు, కట్టేవాళ్లు, పాడేవాళ్లు, తీసేవాళ్లు ఒకచోట పాతుకుని ఉండటం. జనాభా లెక్క చూస్తే మనమే ఎక్కువ. 2011 జనగణనలో తెలుగు మాతృభాషగా చెప్పుకున్నవారు 8.11 కోట్లు, తమిళం 6.9 కోట్లు. మార్కెట్ చిన్నది, విడిగా పాట రాయిస్తే గిట్టదు అనే వాదన ఈ అంకెల ముందు నిలవదు. రోహిణి కార్తెలో ఇక్కడ ఏసీలు, కూలర్లు ఎలా అమ్ముడవుతాయో ఆ కంపెనీల లెక్కల పుస్తకాలకే బాగా తెలుసు.

మరి మన తెలుగు ప్రకటన పాట ఎక్కడా లేదా? ఉంది, ఆటో మీద. మాగుంట లేఅవుట్ నుంచి స్టోన్‌హౌస్‌పేట దాకా తిరిగే ప్రచారం ఆటోల్లో, లోకల్ కేబుల్ చానల్ కింద పాకే పట్టీల మధ్య వచ్చే ప్రకటనల్లో. ఒంగోలు వెళ్లినా, కావలి వెళ్లినా ఇదే. దసరాకో సంక్రాంతికో ఊళ్లోని షోరూము ఒక హిట్టు సినిమా ట్యూన్ తీసుకుని, దానికి టీవీలు, ఫ్రిజ్‌లు, వాయిదాల పథకాలు, పాత సామాను మార్పిడి అన్నీ తెలుగులో ఎక్కించి పాడిస్తుంది. రికార్డింగ్ నాసిరకం, గొంతు అరుపు. అయినా రెండో రోజుకల్లా వీధి పిల్లలు దాన్ని పాడుతుంటారు. "రాండి రాండి", "అడ్వాన్సు లేదన్నా", "మూడో అంతస్తులో ఉందక్కా" లాంటి మాటలు మనం రోజూ అనుకునేవే కాబట్టి.

ఇందులో ఉన్న తప్పు కూడా చెప్పాలి. అడక్కుండా సినిమా ట్యూన్ వాడుకుంటే ఆ సంగీత దర్శకుడికీ, నిర్మాతకూ చెందాల్సింది ఎగ్గొట్టినట్టే. 2012లో కాపీరైట్ చట్టానికి చేసిన సవరణ సినిమా పాట రాసినవాళ్లకూ, కట్టినవాళ్లకూ హాలు బయట జరిగే వాడకం మీద రాయల్టీ హక్కును గట్టిపరిచింది. ఆ హక్కు కోసం రచయితలు ఏళ్లపాటు కొట్లాడారు. మన ఆటో పాట దాన్ని తొక్కుకుంటూ పోతోంది. ఇటు చూస్తే పెద్ద కంపెనీ దగ్గర హక్కులన్నీ సక్రమం, భాష అక్రమం. అటు చూస్తే ఊరి షోరూము దగ్గర భాష సక్రమం, హక్కు అక్రమం. రెండింటి మధ్యలో ఒక తెలుగు రచయితకూ, ఒక తెలుగు స్వరకర్తకూ దొరకాల్సిన పని దొరక్కుండా పోతోంది. ఈ జిల్లాలో పాడేవాళ్లకు కొదవ లేదు. నెల్లూరు ప్రభుత్వ సంగీత, నృత్య పాఠశాలకు ఇప్పుడు బాలు పేరే పెట్టారు. అక్కడ నేర్చుకున్న పిల్లలు గుడి కచేరీకో పెళ్లి ఆర్కెస్ట్రాకో పోవాలి తప్ప ఇంకో దారి కనపడదు.

మా ఇంట్లో సంగతి ఒకటి చెప్పాలి. మా వాషింగ్ మెషీన్ ఉతకడం అయిపోగానే ఒక చిన్న ట్యూన్ వాయిస్తుంది. శామ్‌సంగ్ మెషీన్ ఉన్నవాళ్లకు తెలిసే ఉంటుంది. అది ఆస్ట్రియా స్వరకర్త షూబర్ట్ 1817లో కట్టిన పాట. ట్రౌట్ అనే చేప గురించి. తేట నీళ్ల వాగులో చేప చురుగ్గా ఈదుతుంటే గాలం వేసినవాడికి చిక్కదు, చివరికి వాడు నీళ్లు కలిపి బురద చేసి పట్టేస్తాడు. అంత కథ ఉన్న పాటను మెషీన్ మాటలు తీసేసి వాయిస్తుంది. మా అమ్మకు ఈ కథ తెలియదు. ఆమెకు అది "గుడ్డల పాట". అది మోగగానే వంటింట్లోంచి "మేయ్, మిషను పిలస్తావుంది, పో" అని మా ఆవిడను కేకేస్తుంది. కొన్నాళ్లకు ఆమే ఆ ట్యూన్‌కు మాటలు కట్టుకుంది. దండెం మీద గుడ్డలు వేస్తూ పాడుకుంటుంది: "అయిపోయినాయమ్మా గుడ్డలూ, ఎండుంది ఎయ్యమ్మా మిద్దెనా." రెండు వందల ఏళ్ల కిందటి ట్యూన్‌లో మన మిద్దె, మన ఎండ కూర్చున్నాయి. పరాయి రాగంలో తెలుగు ఇమడదన్న వాళ్లకు నేను చూపించగల సాక్ష్యం మా అమ్మే. ఎవరూ ఆమెకు ముప్ఫై సెకన్ల గడువు పెట్టలేదు, హిందీ వాక్యం చేతిలో పెట్టలేదు. రోజూ చేసే పనిలోంచి మాట దానంతటదే వచ్చింది.

ఇప్పుడు ప్రకటన ఇంకా కుదించుకుపోతోంది. యూట్యూబ్‌లో ఐదు సెకన్లకు దాటవేసే మీట వస్తుంది. ఐదు సెకన్లలో పల్లవి ఎక్కడ పడుతుంది? అందుకే కంపెనీలు కంప్యూటర్ చిప్‌ల కంపెనీ ఇంటెల్ 1994లో తెచ్చిన ఐదు స్వరాల గుర్తు లాంటి చిన్న శబ్దాల వైపు వెళ్తున్నాయి. పాటల కాలం అయిపోయిందని కొందరంటున్నారు. నాకు అలా అనిపించడం లేదు. ఐదు సెకన్లు తెలుగుకు తక్కువేం కాదు, మన సామెతలు ఎక్కువ భాగం అంతకంటే పొట్టివి. యతి, ప్రాస ఉన్న మాట ఒక్కసారి వింటే చాలు, పట్టుకుంటుంది. ఫ్రిజ్ కోసం ఇలా మొదలుపెట్టి చూడండి: "రోళ్లు పగిలే రోహిణి ఎండ, పులియని పెరుగు మా ఇంటి కుండ." నెల్లూరు ఎండలో రాత్రి తోడేసిన పెరుగు పొద్దున పదికల్లా పులిసిపోయే ఇంట్లో దీన్ని అనువదించి చెప్పక్కర్లేదు. సూళ్లూరుపేట దగ్గర మంగళంపాడులో పుట్టిన ఆత్రేయ సినిమా పాటలో చేసిందే ఇది. వంటింట్లో, వసారాలో మాట్లాడుకునే మాటల్నే తెచ్చి రాగం మీద పెట్టాడు. జనం వాటిని ఎక్కడో విన్నట్టే అనుకున్నారు, తమవే అనుకున్నారు.

కంపెనీలను నేను అడిగేది పెద్ద ఖర్చు కాదు. ట్యూన్ ఖాయం చేయకముందే తెలుగు రచయితను ఆ గదిలో కూర్చోబెట్టండి. అనువాదానికి హిందీ పాట పంపొద్దు, వస్తువును పంపండి, ఎవరికి అమ్మదలిచారో చెప్పండి. పాత్రలు పెదాలు కదిపే షాట్లు తగ్గించి పాటను వెనక నడపండి, అప్పుడు ఒకే చిత్రానికి ఐదు భాషల్లో ఐదు సొంత పాటలు కుదురుతాయి. రాసినవాళ్ల పేరు యూట్యూబ్ వివరాల్లోనైనా వేయండి. వేసవి ప్రకటనల పని చలికాలంలోనే మొదలుపెట్టాలి కాబట్టి వచ్చే ఏడాది వాటి గురించి అడగాల్సిన సమయం ఇదే.

మొన్న శనివారం మళ్లీ ఆ షోరూము వైపు వెళ్లాల్సి వచ్చింది, జారు మూత సరిపోక. ఆ కుర్రాడే ఉన్నాడు. ఆ అవ్వ మళ్లీ వచ్చిందా అని అడిగాను. "రాలేదన్నా" అన్నాడు. "ఆ పాట ఏదో నాకూ దొరకలా. ట్యూన్ మాత్రం నా నోట్లోనే ఉంది." పాడి వినిపించాడు కూడా. నాన నన్నా నాన నా.